పైనుంచి మనుషులు కనిపిస్తారా

మొన్న మా బడిలో ఒక చిన్న గొడవ జరిగింది. గొడవ చేసింది నేనే. భూపాలపల్లిలో నేను పాఠాలు చెప్పే బడికి కొత్తగా వచ్చిన సైన్సు మాస్టారు మంచి హుషారు మనిషి. ఆకాశంలో తిరిగే అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్లతో మన పిల్లల చేత హామ్ రేడియోలో మాట్లాడిద్దాం అన్నాడు. బాగానే ఉంది, మాట్లాడించమన్నాను. ఇంతలో ఎవరో ఆయన చెవిన వేశారు, నేను చిన్నప్పుడు అలా మాట్లాడానని. ఇక ఊరుకుంటాడా? ప్రార్థన కాగానే పిల్లలందరి ముందు నన్ను నిలబెట్టాడు.

"మేడం, మీ అనుభవం జర చెప్పుండ్రి."

ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకతి చెయ్యెత్తి, "మీరేం అడిగిన్రు మేడం?" అంది.

తల నొప్పిగా ఉందని చెప్పి స్టాఫ్ రూములోకి వెళ్లి కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా ఆ మాస్టారు మీద కోపంగానే ఉంది. పాపం, ఆయనకేం తెలుసు? ఇంటికొచ్చినా ఆ పిల్ల ప్రశ్న వదల్లేదు. బడిలో చెప్పలేనిది ఇక్కడ చెప్పుకుంటాను.

కొడకండ్ల దాటి బస్సు దిగి, పత్తి చేల మధ్య నుంచి నడిచి వెళ్లే తండా మాది. ఇప్పుడు వెళ్తే మీకు వేరే ఊరికీ దానికీ తేడా తెలియదు. అన్నీ స్లాబు ఇళ్లే, గేట్లే, టీవీలే. అప్పుడు మట్టి గోడల మీద గడ్డి కప్పులు. పొద్దున్నే లేస్తే ఒకటే వాసన: కట్టెల పొయ్యి పొగ, మేకల పెంట, పెనం మీద మాడే జొన్న రొట్టె అన్నీ కలిసిన వాసన. రొట్టెలోకి రోట్లో దంచిన ఎల్లిపాయ కారం. అది తిని బడికి పోతే నోరు తెరవగానే పక్క పిల్ల ముక్కు మూసుకునేది. మూసుకుంటే మూసుకో అనేదాన్ని. ఇప్పటికీ నాకు అంతకంటే మంచి తిండి తెలియదు.

ఇంట్లో మేం మాట్లాడుకునేది మా లంబాడీ భాష. అందులో అమ్మ యాడి, నాన్న బా, నాన్నమ్మ దాది. వాళ్ల మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ, నా చెవుల్లో ఉన్నవి అవి కావు.

మా యాడి పాట పాడితే తండా అంతా పని ఆపేది. పెళ్లయినా, తీజ్ పండుగయినా ఆడవాళ్లు గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ ఆడేవాళ్లు. మొదటి పాదం ఎత్తుకోవాల్సింది యాడే. చెంపల పక్కన జుట్టుకు కట్టుకున్న వెండి ఘుగ్రీలు ఆమె వంగినప్పుడల్లా గలగలమనేవి. ఘుగ్రీలు మా ఆడవాళ్లలో పెళ్లయి, భర్త ఉన్నవాళ్లే పెట్టుకుంటారు. భర్త పోతే తీసేస్తారు. తీసేసిన ఆడమనిషి పెళ్లిళ్లలో ముందు నిలబడదు. వెనక కూర్చుంటుంది, పాట ఎత్తుకోదు. ఎవరూ పనిగట్టుకుని వద్దనరు, ఆమే వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. అది మా పద్ధతి. మంచిదని నేను ఏనాడూ అనలేదు.

బా గురించి నాకు ఎక్కువ గుర్తులేదు. నన్ను భుజాల మీద ఎక్కించుకుంటే పడిపోకుండా ఆయన చెవులు పట్టుకునేదాన్ని. చెవుల వెనక బీడీ వాసన. నేను బడికి పోవడం మొదలుపెట్టిన కొత్తలో, భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ వెంట, దూరదేశం ఎక్కడికో గుంతలు తవ్వే పనికి పోయాడు. హోళీకి వస్తానన్నాడు. హోళీ వచ్చింది గానీ బా రాలేదు. తరువాతి హోళీకి కూడా రాలేదు. ఫోన్లు అందరికీ లేని కాలం. ఆ మేస్త్రీ కూడా మళ్లీ మా వైపు వచ్చినట్టు ఎవరూ చెప్పలేదు.

కొన్నేళ్లు గడిచాక తండాలో మాటలు మొదలయ్యాయి. రెండు ఎద్దులు చచ్చిపోయాయి. ఒక బాలింతకు జ్వరం తగ్గలేదు. పోయినవాడికి దినం చెయ్యకపోతే వాడి ప్రాణం తండా చుట్టూ తిరుగుతుందని పెద్దవాళ్ల భయం. తండా పెద్దను మేం నాయక్ అంటాం. ఆయన చెడ్డవాడేం కాదు, మా ఇంట్లో గింజలు లేనప్పుడు అడగకుండానే పంపినవాడు. ఒకరోజు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు.

"అవ్వా, ఇగ ఎన్నొద్దులు చూస్తవ్? దినం చేసేద్దాం. కోడలు ఘుగ్రీలు తీసేస్తే తండకు సుత మంచిగుంటది" అన్నాడు.

యాడి గుమ్మం వెనక నిలబడి ఉంది. ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది. దాది మాత్రం చుట్ట వెలిగించుకుని నిదానంగా జవాబిచ్చింది.

"నా కొడుకు లేడని ఎవడు చూసిండు? నువ్వు చూసినవా? ఈళ్లు చూసిన్రా? భూమంత తిరిగి చూసినోడు ఒకడొచ్చి, వాడు కనబడలేదని నా ముంగట చెప్పాలె. గప్పుడు నా చేతుల్తోనే తీస్త. గప్పటిదాక నా కోడలి జోలికి రావొద్దు."

"మాట మీద ఉంటవా?"

"ఉంట."

తండాలో నలుగురి ముందు అన్న మాటంటే రాతి మీద చెక్కినట్టే. నాయక్ తలూపి వెళ్లిపోయాడు. ఆ రాత్రి యాడి దాది కాళ్లు చాలాసేపు పిసికింది. ఆ ఏడు తీజ్‌కు ఆమె పాడినట్టు ఎప్పుడూ పాడలేదని అందరూ అనుకున్నారు. దాది వెనక వరసలో కూర్చుని తాళం వేసింది.

ఇక నా బడి సంగతి. నన్ను జనగామలో ఆడపిల్లల హాస్టల్ బడిలో చేర్చారు. నీళ్ల సాంబారు, పొద్దున ఉప్మా, ఆదివారం ఒక గుడ్డు. ఒక ఏడు మా బడికి, మేం రేడియో సార్ అని పిలుచుకున్న ఒకాయన రావడం మొదలుపెట్టాడు. రైల్వేలో పనిచేసి రిటైరై మహబూబాబాద్‌లో ఉండే మనిషి. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాడు గానీ మాట మాత్రం కోస్తా మాట. "ఏంటమ్మా, అలా నమిలేస్తారేంటి మాటని?" అనేవాడు. మేం వెనక నుంచి ఆయనలాగే "ఏంటమ్మా, ఏంటమ్మా" అని ఎక్కిరించేవాళ్లం. ఆయనకు వినపడేది, నవ్వేవాడు.

ఆకాశంలో భూమి చుట్టూ తిరిగే ఇల్లు ఒకటి ఉందనీ, అందులో మనుషులు ఉంటారనీ, అది మన నెత్తి మీదుగా పోయే పది నిమిషాల్లో రేడియోలో వాళ్లతో మాట్లాడవచ్చనీ ఆయన చెప్పినప్పుడు మేం నమ్మలేదు. డాబా మీద అల్యూమినియం గొట్టాలతో ఆంటెన్నా కట్టాకే నమ్మాం. నమ్మి ఏం చేశాం? దాని మీద తడి బట్టలు ఆరేశాం. బట్టలు ఆరేయడానికి అంత వీలుగా ఉన్న వస్తువు మా హాస్టల్లో ఇంకొకటి లేదు మరి. ఒక గొట్టం వంగిపోయింది. సార్ దానిమీద వేలాడుతున్న లంగాలను చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. సైన్సు టీచర్ మమ్మల్ని మోకాళ్ల మీద నిలబెట్టింది.

రేడియోలో ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు మాట్లాడకూడదట. మాట అయిపోగానే "ఓవర్" అనాలి. అది నేర్పినప్పటి నుంచి హాస్టల్లో ఒకటే ఓవర్లు. "ఇంకో గంటె సాంబారు పొయ్యక్కా, ఓవర్." వంటక్క గంటె ఎత్తి కొట్టడానికి వచ్చేది. నాకొక భయం కూడా ఉండేది. మా తెలంగాణ యాస వింటే సినిమాల్లో నవ్వేవాళ్లు కదా, పైన ఉన్నవాడు కూడా నవ్వుతాడేమో అని.

ప్రశ్న అడిగే పిల్లల్లో నన్నూ తీసుకున్నారు. దసరా సెలవులకు ఇంటికి పోయి తండా అంతా చాటింపు వేశాను. భూమంతా తిరుగుతూ చూసే మనిషి ఉన్నాడు, వాడితో నేను మాట్లాడబోతున్నాను అని. ఆడవాళ్లు మక్క కంకులు ఒలుస్తూ నా చుట్టూ చేరారు. తలకిందులుగా తిరిగితే నీళ్లెట్లా తాగుతాడు, దొడ్డికి ఎక్కడ పోతాడు అని అడిగి పడీపడీ నవ్వారు. నాయక్ అటుగా వెళ్తూ ఆగాడు. నవ్వలేదు.

"భూమంత చూస్తడా?"

"అవును. ఒక్క రోజులో ఎన్నోసార్లు చుట్టొస్తడు" అన్నాను గొప్పగా.

ఆయన దాది వైపు తిరిగాడు. "అవ్వా, నువ్వడిగిన మనిషి దొరికిండు కదా."

దాది చేతిలో కంకి అలాగే ఉండిపోయింది. యాడి ముఖం మాత్రం వెలిగిపోయింది. ఆ ముఖం నాకు బాగా గుర్తుంది. లోపలికి లాక్కుపోయి నా తల నిమురుతూ, "అడుగు బేటీ. మీ బా యాడున్నడో అడుగు. కనబడే ఉంటడు" అంది.

ఆ సాయంత్రం దాది నన్ను మేకల దొడ్డి దగ్గరికి పిలిచింది.

"ఏం తింటడో అడుగు. ఎట్ల పంటడో అడుగు. మీ బా సంగతి మాత్రం అడగకు."

"ఎందుకు దాదీ?"

"పెద్దోళ్లు చెప్తే ఇనాలె."

నాకు ఒళ్లు మండింది. సొంత కొడుకు గురించి అడుగుతానంటే వద్దంటుందేమిటి ఈ ముసలమ్మ అనుకున్నాను. భయపడుతోందిలే అని కూడా అనుకున్నాను.

బడికి తిరిగి వచ్చి, మా బా ఎక్కడున్నాడో అడగాలని రేడియో సార్‌కు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. అలా అడగకూడదనలేదు. "పైనుంచి మనుషులు కనిపిస్తారా అని అడుగమ్మా. అందులో అందరూ వస్తారు, మీ నాన్న కూడా వస్తాడు" అన్నాడు. ఇంగ్లీషులో ఆ ముక్క నా చేత ఎన్నిసార్లు పలికించాడో.

ఆ రోజు అమ్మానాన్నలందరినీ పిలిచారు. మా తండా నుంచి ఒక ఆటో నిండా వచ్చారు. నాయక్‌కు కుర్చీ వేశారు. యాడి, దాది చాప మీద ముందు కూర్చున్నారు. యాడి పెట్టెలో దాచిన అద్దాల రవిక వేసుకుంది, ఘుగ్రీలు చింతపండుతో తోమి వచ్చింది. బల్ల మీద రేడియో, పక్కన స్పీకరు. డాబా మీద పెద్ద తరగతి అక్కలు ఆంటెన్నా పట్టుకుని సార్ చెప్పిన దిక్కుకు తిప్పడానికి సిద్ధంగా ఉన్నారు.

సార్ పిలిచాడు. గరగర తప్ప ఏమీ లేదు. మళ్లీ పిలిచాడు. హాలులో ఎవరో దగ్గితే వంద మంది తిరిగి చూశారు. అప్పుడు ఆ గరగరలోంచి ఒక మగ గొంతు వచ్చింది. మామూలు గొంతు. పక్క గదిలోంచి మాట్లాడినట్టుంది. దాది చెయ్యి యాడి చేతి మీద పడింది.

పిల్లలు ఒక్కొక్కరే అడుగుతున్నారు. ఎలా నిద్రపోతారు, ఏం తింటారు, ఇంటి మీద బెంగ పెట్టుకుంటారా. నా వంతు వచ్చింది. సార్ పలికించినట్టే అడిగాను, ఓవర్ కూడా అన్నాను. అతను నవ్వలేదు. చక్కగా జవాబు చెప్పాడు. సైన్సు టీచర్ మైకు తీసుకుని అందరికీ అర్థమయ్యేలా చెప్పింది.

"మనుషులు కనిపించరంటున్నడు. నదులు, కొండలు కనబడ్తయట. చీకటైతే ఊర్ల దీపాలు కనబడ్తయట. ఆ దీపాల కింద మీరంత ఉన్నరని మాకు ఎరుకే అంటున్నడు."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎంత బాగా చెప్పాడు అనుకున్నారు. నాకు ఒక్క మాటే వినపడింది, కనిపించరు. వెనక పిల్ల నన్ను పక్కకు నెట్టి తన ప్రశ్న మొదలుపెట్టింది. కాసేపటికి ఆ గొంతు సన్నబడి గరగరలో కలిసిపోయింది. రేడియో సార్ కళ్లు తుడుచుకుంటున్నాడు, ఆయన జీవితంలో అంత సంతోషం చూడలేదట.

వరండాలో ఉడికించిన శనగల గుడాలు, చాయ్ పంచుతున్నారు. నేను పరుగెత్తుకుని పోయేసరికి నాయక్ దాది ముందు నిలబడి ఉన్నాడు. గొంతు తగ్గించే మాట్లాడాడు.

"ఇన్నవు కదా అవ్వా. కనబడలేదన్నడు."

"ఆయనకు ఎవ్వరు కనబడరు" అని నేను మధ్యలో దూరాను. "నేను సుత కనబడ. నువ్వు సుత కనబడవు. గంత మీదికెళ్లి ఎట్ల కనబడ్తరు?"

"నువ్వు చిన్నపిల్లవు బేటీ. మీ దాది మాట ఇచ్చింది."

యాడి దాది చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "లేడని అనలేదు కదా? దీపాల కింద అందరున్నరన్నడు. టీచరమ్మ చెప్పలే? నువ్వు ఇన్లే?"

దాది కోడలి ముఖంలోకి చూసింది. "నా కొడుకు దీపాలున్న కాడ లేడు బిడ్డా" అంది.

యాడి చేతులు జారిపోయాయి. నేను ఆ మాటకు అర్థం వెతకలేదు. ఒక మాటకు కట్టుబడి దాది మా బాను వదిలేసిందని మాత్రం అనుకున్నాను. గుడాల పొట్లం గోడ అవతల పారేశాను.

దినం చేశారు. మాట ప్రకారం దాదే ఘుగ్రీలు విప్పింది. ఏళ్ల తరబడి కట్టి ఉన్నవి, దారం జుట్టులో చిక్కుకుని ఎంతకీ రాలేదు. కత్తెర తెమ్మన్నారు ఎవరో. దాది వద్దంది, ఒక్కో వెంట్రుకనూ వేలితో విడదీసింది. అవి ఒళ్లో పడగానే ఆమె ఒక్కసారిగా ఏడుపు ఎత్తుకుంది. అలాంటి ఏడుపు నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. యాడి కంటే ఆమే ఎక్కువ ఏడ్చింది. నలుగురు పట్టుకున్నా ఆగలేదు. ఒప్పుకున్నదీ ఆమే, ఏడ్చేదీ ఆమేనా అని నాకు ఆమెను చూస్తే కోపం వచ్చింది.

ఆ తర్వాత పెళ్లిళ్లలో యాడి వెనక కూర్చుంది. పాట వేరేవాళ్లు ఎత్తుకున్నారు. వాళ్లూ బాగానే పాడేవాళ్లు, కానీ తండాలో ఎవరూ పని ఆపేవారు కాదు. నేను డిగ్రీలో ఉండగా దాది పోయింది. రేడియో సార్ కూడా పోయాడని విన్నాను. ఇప్పుడు మా తండాలో ఘుగ్రీలు పెట్టుకునేవాళ్లు ముసలివాళ్లు ఒకరిద్దరే, పెళ్లిళ్లకు డీజే తెస్తున్నారు.

నాకు భూపాలపల్లిలో ఉద్యోగం వచ్చాక యాడిని తెచ్చుకున్నాను. ఒక సాయంత్రం గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. వీధిలో పెళ్లి ఊరేగింపు పోతోంది. ఇక్కడ నిన్ను వెనక కూర్చోమనే వాళ్లెవరూ లేరు కదా, ఒక పాట పాడరాదా అన్నాను. యాడి తల అడ్డంగా ఊపింది. తర్వాత దేనికో జవాబిస్తున్నట్టు మెల్లగా అంది.

"మీ దాదికి ముందే ఎరుకే."

"ఏం ఎరుక?"

"మీ బా సంగతి. పోయిన మొదటి వానకాలమే జరం వచ్చి ఆడనే పాణం ఇడిసిండు. ఆడనే కాలవెట్టిన్రట. మేస్త్రీ జనగామ టేషన్ల కలిసి ఆమెకొక్కదానికే చెప్పిండు. దినం అయినంక నాకు అంత చెప్పింది."

"మరెందుకు దాచింది?"

"గింత చిన్న వయసుల ఎనక కూసుంటనని. నా పాట ఆగొద్దని. గందుకే గసోంటి షరతు వెట్టింది. భూమంత చూసేటోడు యాడుంటడు, ఎన్నడొస్తడు అనుకున్నది. మీ బడి వాన్నే పిలిపిస్తదని ఆమెకేం ఎరుక?"

"నాకెందుకు చెప్పలేదు ఇన్నేండ్లు?"

"ఒట్టు వెట్టించుకున్నది. గీ సంగతి తెలిస్తే పిల్ల మళ్ల బడి మొఖం చూడది, దాని సదువు ఆగొద్దు, నౌకరి వచ్చినంకనే చెప్పు అన్నది."

యాడి మళ్లీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది. నాకు మాత్రం ఆ ఏళ్లన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. ప్రతి తీజ్‌కూ, ప్రతి పెళ్లికీ యాడి పాడుతుంటే వెనక కూర్చుని నవ్వు ముఖంతో తాళం వేసిన దాది. తన కొడుకు ఏ ఊరి బయటో కాలిపోయాడని ఆమెకు తెలుసు. ఒక్క కన్నీటి చుక్క కార్చినా కోడలికి తెలిసిపోతుందని అన్నేళ్లూ కళ్లు పొడిగా ఉంచుకుంది. కన్న కొడుకు కోసం ఏడవడానికి కూడా ఆ తల్లి నా ప్రశ్న దాకా ఆగాల్సి వచ్చింది.